ఎంఎస్‌లో ఇమ్యూనిటీని తుడిచేసే చికిత్స: పోయిన శక్తి ఎంతవరకు వెనక్కొస్తుంది?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) ఉన్న చాలామందికి మే నెల మధ్యాహ్నాలతో ఒక వింత అనుభవం ఉంటుంది. ఎండలో పది నిమిషాలు నడిచొస్తే కాళ్లు బరువెక్కుతాయి, ఒక కంటి చూపు మసకబారుతుంది, జబ్బు మళ్లీ తిరగబెట్టిందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఫ్యాన్ కిందో కూలర్ ముందో గంటసేపు కూర్చుంటే మళ్లీ మామూలే. ఒళ్లు వేడెక్కినప్పుడు చూపు ఇలా తగ్గిరావడాన్ని 1890లో విల్హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు రాసిపెట్టాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఈ జబ్బులో కోలుకోవడం అనేది ఎక్కడ సాధ్యమో చెప్పే మొదటి ఆధారం ఇదే. వేడికి ఆగి, చల్లబడగానే మళ్లీ పనిచేసిందంటే ఆ నరం బతికే ఉందన్నమాట.

ఎంఎస్‌లో జరిగేది క్లుప్తంగా ఇది. క్రిముల మీద పోరాడాల్సిన తెల్లరక్తకణాలు మెదడులోకి, వెన్నుపాములోకి చొరబడి నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను తినేస్తాయి. అలా దెబ్బతిన్న నరాలన్నీ ఒకే స్థితిలో ఉండవు. కొన్నిటికి వాపు వచ్చి సంకేతం ఆగిపోతుంది, వాపు తగ్గగానే కొన్ని వారాల్లో అవి దారిలో పడతాయి. కొన్నిటి మీద పొర పోతుంది గానీ లోపలి తీగ మిగులుతుంది. అలాంటి నరం తన మీదున్న సోడియం ద్వారాలను (సంకేతాన్ని ముందుకు నడిపేవి ఇవే) కొత్త చోట్లలో సర్దుకుని నెమ్మదిగానైనా సంకేతం పంపడం నేర్చుకుంటుంది, మెదడులో నిల్వ ఉండే పసి కణాలు కొన్ని ఎదిగి కొత్త మైలిన్ కూడా చుడతాయి, దీనికి నెలలు పడుతుంది. మూడో రకం తెగిపోయిన నరాలు. అవి తిరిగి మొలవవు. వాటి పనిని పక్కనున్న నరాలు ఎంతోకొంత పంచుకుంటాయంతే.

చీడ పట్టిన వరిమడిని చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మందు కొడితే పురుగు చస్తుంది, అంతేగానీ ఆ మందు వల్ల పైరు పెరగదు. దుబ్బు మొదలు బతికుంటే దానంతట అది పిలకలు వేస్తుంది, మొదలే కుళ్లిపోయి ఉంటే ఎంత ఖరీదైన మందు కొట్టినా మడి ఖాళీగానే ఉంటుంది. ఎంఎస్‌లో ఇమ్యూనిటీని అణిచే ప్రతి చికిత్సా పురుగుమందే. పేషెంట్లు, ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి వార్తలు రాసేవాళ్లు కూడా తడబడేది సరిగ్గా ఇక్కడే.

మరి ఇలాంటి చికిత్సతో మనిషి లేచి నడిచాడని అప్పుడప్పుడూ వచ్చే వార్తలు ఎక్కడివి? అబద్ధాలేం కాదు. 1993లో మొదటి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ వచ్చినప్పటి నుంచి చాలా ఏళ్లపాటు ఎంఎస్ మందుల లక్ష్యం ఒకటే, అటాక్‌లు (జబ్బు ఉన్నట్టుండి తిరగబెట్టడం) తగ్గించడం, జబ్బు ముదరడాన్ని వాయిదా వేయడం. ఉన్న స్థితికన్నా మెరుగవడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. ఆ మాట గట్టిగా వినిపించిన సందర్భాల్లో ఒకటి 2008 జూన్‌లో అమెరికాలోని బాల్టిమోర్ నుంచి వచ్చింది. జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు తొమ్మిది మంది ఎంఎస్ పేషెంట్లకి సైక్లోఫాస్ఫమైడ్ అనే పాత క్యాన్సర్ మందును, శరీర బరువు కిలోకి రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున వరసగా నాలుగు రోజులు ఎక్కించారు. లూపస్ లాంటి జబ్బులకి ఇదే మందును మన ఆసుపత్రుల్లో కూడా వాడతారు గానీ ఇంత మోతాదులో కాదు. తర్వాత రెండేళ్ల దాకా గమనిస్తే, వైకల్యం కొలిచే స్కోరు సగటున 39 శాతం తగ్గింది.

ఈ ప్రయోగం వెనక ఉన్న ఆలోచన ఎంఎస్ వాళ్లది కాదు, రక్తం జబ్బుల డాక్టర్లది. ఎముక మజ్జ ఎండిపోయే అప్లాస్టిక్ అనీమియాకి హాప్కిన్స్‌లో అంతకుముందే ఈ మోతాదు వాడారు. సైక్లోఫాస్ఫమైడ్ తిరగాడే తెల్లకణాలను ఊడ్చేస్తుంది, కానీ వాటిని పుట్టించే మూలకణాలను చంపలేదు. ఆ కణాల్లో ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ దండిగా ఉంటుంది, అది మందు విషాన్ని విరిచేస్తుంది. అంటే పాత సైన్యం పోతుంది, సైన్యాన్ని తయారుచేసే ఊరు మిగులుతుంది. అక్కడి నుంచి కొన్ని వారాల్లో కొత్త కణాలు బయల్దేరతాయి, వాటికి మైలిన్ మీద పాత పగ ఉండకపోవచ్చన్నది ఆశ.

ఆశ ఒట్టిదే కాదని చెప్పే ఆధారం 2005లో వచ్చింది. ఇలాంటి చికిత్స అయిన ఎంఎస్ పేషెంట్ల రక్తాన్ని రెండేళ్ల తర్వాత పరిశీలిస్తే, గుండె పైన ఉండే థైమస్ గ్రంథి నుంచి కొత్తగా వచ్చిన టీ కణాల (తెల్లకణాల్లో ఒక రకం) వాటా బాగా పెరిగి ఉంది. కణాల సంఖ్య దాదాపు పాతదే, మనుషులు మాత్రం కొత్తవాళ్లన్నట్టు. థైమస్ వయసుతో పాటు కుంచించుకుపోతుంది కాబట్టి పాతికేళ్లవాళ్లకి జరిగినంత బాగా యాభై ఐదేళ్లవాళ్లకి ఈ కొత్త కొలువు జరగదు. ఈ చికిత్సకి వయసు హద్దు ఎందుకని చాలామంది అడుగుతారు, ఇది ఒక కారణం.

తొమ్మిది మంది మాత్రమే, పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. అందుకని హాప్కిన్స్ ఫలితాన్ని ఆసక్తికరం అనుకోవాలి తప్ప రుజువు అనుకోకూడదు. ఎందుకంటే ఎంఎస్ అటాక్ వచ్చిన మనిషి ఏ మందూ లేకుండా కూడా కొన్ని వారాలకో నెలలకో కొంత కోలుకుంటాడు. అటాక్ ఉధృతంగా ఉన్నప్పుడు ట్రయల్‌లో చేర్చుకుని ఏడాది తర్వాత కొలిస్తే, మంచినీళ్లు తాగించినా కొంత మెరుగు కనిపిస్తుంది. గుంపుల మధ్య పోలిక లేకుండా కోలుకున్నారు అని చెప్పే ఏ లెక్కనైనా ఈ అనుమానంతోనే చదవాలి.

ఆ పోలిక 2019 జనవరిలో వచ్చింది. చికాగో, స్వీడన్‌లోని ఉప్సాలా, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, బ్రెజిల్‌లోని సావో పాలోలో కలిపి 110 మందిని తీసుకున్నారు, మందులు వాడుతున్నా ఏడాదిలో కనీసం రెండు అటాక్‌లు వచ్చినవాళ్లని. సగం మందికి సైక్లోఫాస్ఫమైడ్‌తో పాటు టీ కణాలను చంపే మరో మందు కూడా ఇచ్చి, ముందే తీసి దాచిన వాళ్ల సొంత మూలకణాలను తిరిగి ఎక్కించారు, దీన్నే మూలకణ మార్పిడి అంటారు. మిగతా సగానికి వేరే ఎంఎస్ మందులు ఇచ్చారు. జబ్బు ముదిరినవాళ్లు మొదటి గుంపులో 3, రెండో గుంపులో 34. ఏడాదికి వైకల్యం స్కోరు మొదటి గుంపులో 3.38 నుంచి 2.36కి దిగింది, రెండో గుంపులో 3.31 నుంచి 3.98కి ఎక్కింది. మొదటి గుంపులో ఎవరూ చనిపోలేదు.

ఈ స్కోరు ఏమిటో తెలియకపోతే ఆ అంకెలు పెద్దగా ఏమీ చెప్పవు. సున్నా అంటే ఏ లోపమూ లేదు, 10 అంటే మరణం. 4 దాకా మనిషి ఊతం లేకుండా అర కిలోమీటరు నడవగలడు, 6 దగ్గర చేతికర్ర వస్తుంది, 7 దగ్గర చక్రాల కుర్చీ. అంటే 3.38 నుంచి 2.36 అంటే కుర్చీలోంచి లేచి పరుగెత్తడం కాదు. నడక బానే ఉన్నా తడబాటు, తిమ్మిరి, ఒక చేతిలో పట్టు లేకపోవడం లాంటివి ఉన్న మనిషికి వాటిలో కొన్ని సర్దుకోవడం. ఉద్యోగం మానేయాలా వద్దా అన్న ఆలోచనలో ఉన్నవాళ్లకి అది చిన్న తేడా ఏమీ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. పైగా ఈ మెట్లన్నీ ఒకే ఎత్తువి కావు. 3 నుంచి 2కి దిగినంత తేలిగ్గా 7 నుంచి 6కి ఎవరూ దిగరు.

ఇంకో మెలిక కూడా ఉంది. రెండో గుంపుకి ఇచ్చిన మందుల్లో నేటి గట్టి మందులు కొన్ని లేవు. పేషెంట్లను చేర్చుకున్న రోజులకి ఓక్రెలిజుమాబ్ ఇంకా మార్కెట్లోకి రాలేదు, అలెంటుజుమాబ్‌ని ట్రయల్ నియమాలే పక్కన పెట్టాయి. పోటీలో గట్టివాళ్లు కొందరు లేనప్పుడు గెలుపు తేడా పెద్దగానే కనిపిస్తుంది. 2023లో వచ్చిన ఒక పెద్ద అంతర్జాతీయ పోలికలో, అది ట్రయల్ కాదు, ఆసుపత్రి రికార్డుల విశ్లేషణ, మూలకణ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఫింగోలిమాడ్ మాత్రలు వాడినవాళ్లకన్నా చాలా మెరుగ్గా ఉన్నారు, నటాలిజుమాబ్‌ వాడినవాళ్లకన్నా కాస్త మెరుగ్గా ఉన్నారు. ఓక్రెలిజుమాబ్ వాడినవాళ్లతో పోలిస్తే సుమారు మూడేళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రికార్డుల విశ్లేషణకి దాని లోపాలు దానికి ఉంటాయి, మూడేళ్లు ఈ జబ్బులో ఏ మూలకూ చాలవు. అయినా పెద్ద చికిత్స అంటేనే గొప్ప చికిత్స అనుకునేవాళ్లు ఈ ఫలితం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

ఇంకా గట్టిగా కొడితే ఏమవుతుందో కెనడా వాళ్లు చూశారు. 2016లో ప్రచురించిన ఫలితాల్లో 24 మందికి బుసల్ఫాన్ అనే మరో కీమో మందు కూడా కలిపి ఎముక మజ్జను దాదాపు మొత్తం ఖాళీ చేశారు. అంతకుముందు అటాక్ మీద అటాక్ వస్తున్నవాళ్లే అందరూ. చికిత్స తర్వాత ఏళ్ల తరబడి తీసిన మూడొందలకు పైగా ఎంఆర్ఐ స్కాన్లలో ఒక్క కొత్త మచ్చ లేదు, ఒక్క అటాక్ లేదు. ఎంఎస్ చరిత్రలో ఇంత నిశ్శబ్దం అరుదు. కానీ ఆ 24 మందిలో ఒకరు చికిత్స వల్లే చనిపోయారు. బతికినవాళ్లలో మూడోవంతు పైచిలుకు మందికే వైకల్యం తగ్గి, ఆ మెరుగు నిలబడింది, కొందరికి అటాక్‌లు లేకపోయినా జబ్బు నెమ్మదిగా ముదురుతూనే పోయింది. పురుగు పూర్తిగా చచ్చిన మడిలో కూడా కొన్ని దుబ్బులు ఎండిపోతూనే ఉన్నాయి.

దీని వెనకున్న పాఠం కేంబ్రిడ్జ్‌లో 1990ల్లోనే దొరికింది. అలాస్టర్ కాంప్‌స్టన్ బృందం 1991లో అలెంటుజుమాబ్‌ని మొదటిసారి ఎంఎస్‌కి వాడింది, అప్పట్లో దాని పేరు క్యాంపాత్. మొదట ఇచ్చింది అటాక్‌ల దశ దాటిపోయి, మెల్లగా రోజురోజుకీ దిగజారుతున్న పేషెంట్లకి. ఎంఆర్ఐలో కొత్త మచ్చలు ఆగిపోయాయి. కానీ మనుషులు దిగజారుతూనే ఉన్నారు, మెదడు కుంచించుకుపోతూనే ఉంది. మందు చేయాల్సిన పని చేసింది, ఇచ్చిన సమయమే తప్పు. అప్పుడు వాళ్లు దిక్కు మార్చి, జబ్బు మొదలైన మూడేళ్లలోపు ఉన్న 334 మందితో ట్రయల్ పెట్టారు. 2008లో ఫలితం వచ్చింది: మూడేళ్లకి అలెంటుజుమాబ్ గుంపులో వైకల్యం స్కోరు సగటున 0.39 తగ్గింది, ఇంటర్‌ఫెరాన్ గుంపులో 0.38 పెరిగింది. ఒకే మందు, రెండు దశలు. ఒక దశలో ఏమీ చేయలేకపోయింది, ఇంకో దశలో మనిషిని ముందున్న స్థితికన్నా మెరుగుపరిచింది.

ఎంఎస్ ముదిరిన దశలో బయటి నుంచి తెల్లకణాలు చొరబడటం తగ్గుతుంది. మెదడులోనే స్థిరపడ్డ మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు, మెదడు పొరల్లో గూడు కట్టుకున్న బీ కణాల (ఇవీ ఒక రకం తెల్లకణాలే) గుంపులు లోలోపల రాజుకుంటూ ఉంటాయి. రక్తంలో ఎక్కించిన మందు అంతదూరం సరిగ్గా చేరదు. అందుకని కాంట్రాస్ట్ (వాపును స్కాన్‌లో చూపించే మందు) ఎక్కించి తీసిన ఎంఆర్ఐలో మెరిసే మచ్చలు ఉన్నాయా లేవా అన్నది నిర్ణయం మొత్తాన్ని మార్చేస్తుంది. మెరుపు ఉంటే వాపు ఇంకా వేడిగా ఉందని, ఆర్పితే కొంత వెనక్కొచ్చే వీలుందని. అటాక్‌లూ లేక, మెరుపూ లేక, పదిహేనేళ్లుగా నెమ్మదిగా కాళ్లు పడిపోతున్న మనిషికి ఈ చికిత్స ఇవ్వడమంటే ప్రమాదమంతా ఇచ్చి లాభం ఇవ్వకపోవడమే. కఠినంగా ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు, ఎందుకంటే ఆశతో ఆస్తులమ్మడానికి ముందుకొచ్చేది ఎక్కువగా ఆ ఇళ్లవాళ్లే.

ఆ ఆశ మీద బతికే వ్యాపారం కూడా ఉంది మరి. దీన్ని స్టెమ్ సెల్ మార్పిడి అంటారు గనక, మూలకణాలే వెళ్లి నరాలను బాగుచేస్తాయని చాలామంది అనుకుంటారు. అసలు పద్ధతిలో వాటి పని వేరు. ముందు కొంత కీమో, దానితో పాటు ఇంజెక్షన్లు ఇచ్చి మూలకణాలను మజ్జ నుంచి రక్తంలోకి రప్పిస్తారు. డయాలసిస్ లాంటి యంత్రంతో వాటిని వడగట్టి ఫ్రీజ్ చేస్తారు. తర్వాత గట్టి కీమోతో ఇమ్యూనిటీని ఊడ్చేసి, దాచిన కణాలను మామూలు రక్తం బ్యాగులా తిరిగి ఎక్కిస్తారు. వాటి వల్ల మజ్జ త్వరగా కోలుకుంటుంది, ఇన్ఫెక్షన్ ముప్పు ఉన్న రోజులు తగ్గుతాయి. ఎంఎస్ మీద పనిచేసేది కీమోనే. హాప్కిన్స్ తొమ్మిది మందికి మూలకణాలు ఎక్కించనేలేదు, దీనికి అదో సూచన. అందుకని కీమో ఊసే లేకుండా, బొడ్డుతాడు నుంచో కొవ్వు నుంచో తీసిన కణాలను వెన్నులోకి ఎక్కిస్తామని, ఇంటికి అదే రోజు వెళ్లొచ్చని చెప్పే క్లినిక్ అమ్ముతున్నది ఈ ట్రయల్స్‌లో పరీక్షించిన చికిత్స కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఆమోదించిన కొన్ని జబ్బులకి తప్ప స్టెమ్ సెల్స్ వాడకం క్లినికల్ ట్రయల్‌లోనే, అదీ పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకుండా జరగాలి.

మన దగ్గర చాలామంది ఎంఎస్ పేషెంట్ల విషయంలో అసలు ప్రశ్న మార్పిడి దాకా వెళ్లదు, రిటుక్సిమాబ్ దగ్గర ఆగుతుంది. బీ కణాలను ఊడ్చే ఈ మందు పని తీరులో ఓక్రెలిజుమాబ్‌కి అన్నలాంటిది. దీనికి తక్కువ ధర రూపాన్ని హైదరాబాద్‌కి చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో తెచ్చింది. ఎంఎస్‌కి అధికారిక అనుమతి లేకపోయినా స్వీడన్‌లోనూ ఇండియాలోనూ డాక్టర్లు విస్తృతంగా వాడతారు. 2022లో స్వీడన్ ట్రయల్ ఫలితం వచ్చాక, అందులో రెండేళ్లలో అటాక్ వచ్చినవాళ్లు రిటుక్సిమాబ్ గుంపులో 3 శాతమే, డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రల గుంపులో 16 శాతం, ఆ వాడకానికి బలం పెరిగింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఎంఎస్‌కి అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆలస్యంగా చేసే మార్పిడి కన్నా, మొదటి ఏడాదిలోనే ఇలాంటి గట్టి మందు మొదలుపెట్టడమే ఎక్కువమంది నరాలను కాపాడుతుందని ఇప్పటిదాకా ఉన్న ఆధారాలను బట్టి అనిపిస్తుంది. మొదట బలహీనమైన మందు, అది పనిచేయకపోతే గట్టిది అనే పాత పద్ధతిలో, పనిచేయలేదని తేలేలోపే నరాలు తెగిపోతాయి. ఇప్పటి గట్టి మందులతో మార్పిడిని నేరుగా పోల్చడానికే బ్రిటన్‌లో స్టార్ ఎంఎస్, అమెరికాలో బీట్ ఎంఎస్, నార్వే నుంచి ర్యామ్ ఎంఎస్ అనే ట్రయల్స్ పెట్టారు.

పొరను తిరిగి పెంచే ఎరువు కోసం వెతుకులాట కూడా సాగుతోంది. క్లెమాస్టిన్ అనే పాత ఎలర్జీ మాత్రను కాలిఫోర్నియాలో 50 మందికి ఇస్తే, కంటి నరంలో సంకేతం వేగం కొద్దిగా పెరిగిందని 2017లో ప్రచురించారు. ఆ తేడా మిల్లీసెకన్లలో ఉంది, రోజువారీ జీవితంలో తెలిసేంత కాదు. ప్రస్తుతానికి ఎరువంటే శరీరం తనకు తాను చేసుకునే మరమ్మతు, దానికి ఫిజియోథెరపీ తోడు. కీమో అయ్యాక కాళ్లు వాటంతటవే వస్తాయని మంచం మీద ఎదురుచూస్తే కండరాలు కరిగిపోయి, వచ్చే మెరుగు కూడా రాకుండా పోతుంది.

ప్రమాదాల విషయానికొస్తే, 13 దేశాల్లో 2006 దాకా మార్పిడి చేయించుకున్న 281 మంది రికార్డుల్లో 2.8 శాతం మంది మొదటి వంద రోజుల్లో చనిపోయారు. తర్వాత మందుల కలయికలు మారాయి, ఎవరికి చేయాలో ఎంపిక మెరుగైంది, అనుభవం ఉన్న కేంద్రాల్లో ఆ అంకె బాగా తగ్గింది. అయినా సున్నా కాదు. జుట్టు రాలడం, వాంతులు, జ్వరాలు అందరూ చెప్పేవే. మన దగ్గర ముందుగా చూడాల్సింది టీబీ, హెపటైటిస్ బి. లోపల నిద్రపోతున్న ఈ రెండూ ఇమ్యూనిటీ పడిపోగానే లేస్తాయి. చిన్నప్పుడు వేయించుకున్న టీకాల రక్షణ పోతుంది కాబట్టి చాలావరకు మళ్లీ వేయించుకోవాలి. ఇంకో విచిత్రం, అలెంటుజుమాబ్ తర్వాత సుమారు మూడోవంతు మందికి థైరాయిడ్ మీద శరీరమే దాడి మొదలుపెడుతుంది. కొత్త ఇమ్యూనిటీ కూడా బుద్ధిగా ఉంటుందని హామీ ఏం లేదు.

వీటన్నిటిలో ఇళ్లలో అందరికన్నా ఆలస్యంగా వచ్చే మాట పిల్లల గురించి. ఎంఎస్ ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, మగవాళ్లకన్నా ఆడవాళ్లకి ఎక్కువ. సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాలను దెబ్బతీస్తుంది, కొందరికి నెలసరి తిరిగి రాదు, వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం ఎక్కువ. మగవాళ్లలో వీర్యకణాలు తగ్గిపోతాయి. అండాలు తీసి దాచడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, వీర్యం దాచడానికి ఒక్క రోజు చాలు, కానీ రెండూ మొదటి కీమో బాటిల్ పెట్టకముందే అయిపోవాలి. పెళ్లికాని అమ్మాయి ముందు ఆ మాటెలా ఎత్తాలని పెద్దవాళ్లు మొహమాటపడటం, డాక్టరు కూడా హడావుడిలో వదిలేయడం మామూలే. మూలకణాలు తీయడానికి తేదీ ఇచ్చినప్పుడే, దానికి కనీసం మూడు వారాల ముందు ఫెర్టిలిటీ డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా పడిందా అని ఆ అమ్మాయే అడగాల్సి వస్తుంది.